పూడ్చిన గనులలో ఊటనీటి లెక్కలు: ఒక విమర్శ

బొగ్గు భూమిపైభాగమునకు చేరువగా ఉన్నచోట సొరంగము తవ్వరు. పైనున్న మట్టిని, రాతిని పేల్చి తొలగించి, బొగ్గును తీసికొని, తొలగించిన దానిని మరల ఆ గోతిలోనే పోసి, పైన సారవంతమైన మట్టి పరచి గడ్డినో చెట్లనో పెంచుదురు. దీనిని ఉపరితల గని యందురు. తెలుగునాట సింగరేణి ప్రాంతమున ఓపెన్‌కాస్టు అను పేరే వాడుక. కొన్ని యేండ్లు గడచిన పిమ్మట ఆ చోటు పచ్చని కొండవలెనే కనబడును. కాని లోపల ఉన్నది పూర్వపు కొండ కాదు. పొరలు పొరలుగా అమరియుండిన రాయి ముక్కలై, కుప్పగా మారిపోయినది. గనినుండి తీసి తిరిగి పోసిన ఈ రాతిమట్టిని ఈ వ్యాసమున ‘పోతమట్టి’ అని పిలుచుట జరిగినది.

పోతమట్టిలోనికి నీరు ఎంత ఇంకును? ఇంకిన నీరు ఏ చోట, ఎప్పుడు, ఎంత ఊటగా వెలువడును? ఈ ప్రశ్నలు పండితుల కాలక్షేపమునకు పుట్టినవి కావు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1977 ఆగస్టు 3న ఆమోదము పొందిన ఉపరితల గనుల నియంత్రణ, పునరుద్ధరణ చట్టము ప్రకారము, గని తవ్వుటకు అనుమతి కోరువారు తవ్వకమునకు ముందే జలవనరులపై కలుగబోవు ఫలితములను తెలుపవలెను. పునరుద్ధరణకు హామీగా కొంత సొమ్మును కూడ ప్రభుత్వమువద్ద ఉంచవలెను. ఏటి వర్షము 26 అంగుళములకు, అనగా సుమారు 660 మిల్లీమీటర్లకు మించిన ప్రాంతములలో, మొక్కలు నాటుట పూర్తియైన పిదప అయిదేండ్లవరకు ఈ బాధ్యత ఉండును. అంతకు తక్కువ వర్షము కురియుచోట పదేండ్లు. గడువు తీరి, హామీ సొమ్ము తిరిగి ఇచ్చివేసిన తరువాత కొండ అడుగున ఆమ్లజలము ఊరినచో, దానిని శుద్ధిచేయు భారము ఎవరిది? దిగువ వాగులోని చేపలు, ఆ వాగు గట్టునున్న బావులు, పన్నులు కట్టు ప్రజలు — వీరందరును ఒక అంచనా తప్పినందుకు మూల్యము చెల్లించవలసి వచ్చును. కనుక ఈ అంచనాలు ఎట్లు వేయబడుచున్నవో, వానిలో నమ్మదగినదేదో, నమ్మరానిదేదో పరిశీలించుట అవసరము.

రెండు గుణకములు

తూర్పు అమెరికాలోని అపలాచియన్ బొగ్గుక్షేత్రములలో రాతితోపాటు పైరైట్ అను ఖనిజము కలదు. ఇనుము, గంధకము కలిసి ఏర్పడిన ఈ ఖనిజము భూమిలో గాలి సోకక ఉన్నంతకాలము నిరపాయకరము. రాయిని పగులగొట్టి పోసినప్పుడు గాలియు నీరును దానిని తాకును. అప్పుడు గంధకికామ్లము పుట్టును. ఇనుము కరగి నీటిలో చేరి, వాగులో పడిన తరువాత పసుపుపచ్చని మడ్డిగా పేరుకొనును.

ఈ ఆమ్లమును ముందుగా లెక్కకట్టుటకు పశ్చిమ వర్జీనియా విశ్వవిద్యాలయమువారు 1970 దశకములో ఒక పద్ధతిని రూపొందించిరి. రాతి నమూనాలలో ఆమ్లమును పుట్టించు గంధకమెంత, దానిని విరుచు సున్నపుగుణమెంత అని తూచి, జమాఖర్చు వేయుదురు. ఈ పద్ధతి ఎంతో ఉపయోగకరమైనది. కాని అది నీటి గుణమును గురించి మాత్రమే చెప్పును. వాగుపై పడు భారము రెండు అంకెల గుణకారము: నీటిలోని ఆమ్లము ఎంత గాఢమైనది, ఆ నీరు ఎంత. మొదటి అంకెకు దొరికిన శ్రద్ధ రెండవదానికి దొరకలేదు.

ఒక ఊహా ఉదాహరణ చూడుడు. 40 హెక్టారుల గని పూడ్చబడినది. ఏటా 300 మి.మీ. నీరు పోతమట్టిలోనికి ఇంకునని ఒకరు అంచనా కట్టిరి. అనగా ఏటికి 1,20,000 ఘనపు మీటర్లు, రోజుకు సుమారు 329. లీటరుకు 500 మిల్లీగ్రాముల ఆమ్లత ఉన్నచో రోజుకు 164 కిలోల భారము. మరియొకరు 200 మి.మీ. మాత్రమే ఇంకునని లెక్కించిరి. అప్పుడు భారము రోజుకు 110 కిలోలే. రసాయనశాస్త్రజ్ఞుడు తన అంకెను ఎంత సున్నితముగా తూచినను, రెండవ అంకెలోని ఈ తేడాముందు ఆ సున్నితత్వము నిలువదు.

శేషముగా మిగిలిన అంకె

ఇంకు నీటిని, అనగా పునర్భరణమును, లెక్కించుటకు అందరు ఎరిగిన మార్గము జలనిల్వల లెక్క. కురిసిన వర్షమునుండి నేలమీద పారిపోయిన నీటిని, నేలనుండియు ఆకులనుండియు ఆవిరియై పోయిన నీటిని తీసివేయగా మిగిలినదే ఇంకినది. ఆవిరియగు నీటిని నెలసరి ఉష్ణోగ్రతనుబట్టియు పగటి పొడవునుబట్టియు కట్టుటకు అమెరికను శీతోష్ణస్థితి శాస్త్రజ్ఞుడు థార్న్‌త్‌వెయిట్ 1948లో ఒక సూత్రమును ప్రకటించెను. సులభము కావున అది లోకమంతట వ్యాపించినది.

తీసివేతలో దోషము లేదు. శేషమును నమ్ముటలోనే ఉన్నది. పై ఉదాహరణలో వర్షము 1,000 మి.మీ., ఆవిరి 600, పారుదల 100, శేషము 300 అనుకొందురు. ఆవిరి లెక్కలో పదవవంతు మాత్రమే పొరపాటు పడినది. అది 600 కాదు, 660. అప్పుడు శేషము 240 అగును. ఒక పద్దులో నూటికి పది తప్పు, ఫలితములో నూటికి ఇరువది తప్పైనది. పెద్ద అంకెలలోని చిన్న తప్పులన్నియు చిన్నదైన శేషముమీదనే వచ్చి పడును. ఈ సంగతి గణితము చెప్పు ప్రతి ఉపాధ్యాయుడు ఎరిగినదే. అయినను నివేదికలలో ఈ శేషము దశాంశములతో సహా అచ్చగుట, దాని ప్రక్కన హెచ్చుతగ్గుల హద్దులు లేకపోవుట విచారకరము.

ఇంతకన్న లోతైన ఆక్షేపణ మరొకటి కలదు. థార్న్‌త్‌వెయిట్ సూత్రము, తడికి లోటులేక పచ్చదనము కప్పిన నేలనుండి పోగల ఆవిరిని చెప్పును. కొత్తగా పూడ్చిన గని అట్టి నేల కాదు. బుల్‌డోజర్లు అటునిటు తిరిగి పైమట్టిని గట్టిగా అదిమివేయును. తొలి సంవత్సరములలో వర్షము ఇంకక జారిపోవును. తరువాత మంచు, ఎండ, వేళ్లు మట్టిని వదులుచేయును, పోతమట్టి కుంగి పగుళ్లు తీయును, ఇంకుట పెరుగును. 2004లో అపలాచియా ప్రాంతమున మొదలైన అడవుల పునరుద్ధరణ ప్రయత్నము పైమట్టిని అదమక వదులుగా పోయవలెనని ఉద్బోధించినది. అట్లు చేసినచో నీరు ఎక్కువగా ఇంకును. చెట్లు పెరిగిన కొలది అవి త్రాగు నీరును పెరుగును. కనుక పునర్భరణము ఒక స్థిరమైన అంకె కాదు, గని వయస్సుతో మారు అంకె. దానిని ఒకే సంఖ్యగా చూపు లెక్క, పసివాని ఎత్తును కొలిచి అదే వాని ఎత్తని జీవితాంతము నమ్ముటవంటిది.

కెంటకీ పరిశోధన: గుణదోషములు

ఈ విషయముపై వెలువడిన రచనలలో ఎన్నదగినది ఉన్ష్, డింగర్, గ్రహామ్ అను మువ్వురు శాస్త్రజ్ఞులు 1999లో అంతర్జాతీయ బొగ్గు భూవిజ్ఞాన పత్రికలో ప్రకటించిన వ్యాసము. తూర్పు కెంటకీలోని స్టార్‌ఫైర్ గనివద్ద 4.1 చదరపు కిలోమీటర్ల మేర, కొన్నిచోట్ల 90 మీటర్ల మందమున పోసిన పోతమట్టిని వారు పరిశీలించిరి. పరిశీలక బావులు త్రవ్విరి. నీటిలో రంగు కలిపి అది ఎక్కడ తేలునో చూచిరి. ఊటలను, చెరువులను కొలిచిరి. విమానమునుండి తీసిన చిత్రములను జోడించిరి.

వారి ఫలితములలో మిక్కిలి విలువైనది ఇది: పోతమట్టిలోని నీరు ఎక్కువభాగము పైనుండి ఇంకినది కాదు. అంచులలో వాగుల దారికి పోతమట్టి అడ్డుపడినచోట ఆ వాగునీరు లోనికి దిగుచున్నది. పోతమట్టియు అసలు రాయియు కలియు ముఖముగుండ దిగుచున్నది. ప్రక్కనున్న తవ్వని రాతినుండియు వచ్చి చేరుచున్నది. పైభాగమునందలి రంధ్రములగుండ దిగునది కొద్దిపాటి మాత్రమే.

జలనిల్వల లెక్కకు ఇది గట్టి దెబ్బ. గని విస్తీర్ణమును ఇంకు మి.మీ.తో గుణించి ఊట పరిమాణము చెప్పువారు, నీరు పైనుండియే వచ్చునని మారుమాటలేక ఒప్పుకొనుచున్నారు. స్టార్‌ఫైర్‌వంటి చోట గుణింపవలసిన విస్తీర్ణము పోతమట్టిది కాదు; దానిలోనికి వాలియున్న పరీవాహక ప్రదేశమంతటిది. వర్షపు లెక్క ఎంత సవరించినను ఈ తప్పు దిద్దబడదు, ఏలయన అది అంకెలో లేదు, చిత్రములోనే ఉన్నది.

రెండవ ఫలితము నీటి నిల్వను గూర్చినది. బావులలో నీటితో నిండిన పోతమట్టి మందము సగటున 6.4 మీటర్లు. అందులో ఖాళీ నూటికి 20 వంతులని ఊహించి, 52 లక్షల ఘనపు మీటర్ల నీరు నిల్వయున్నదని వారు చెప్పిరి. ఒక టి.ఎం.సి.లో ఇది ఐదవవంతుకు కొంచెము తక్కువ. ఈ 20 వంతులు కొలిచినవి కావు, ఊహించినవి. ఊహకు ఆధారము లేకపోలేదు: పగులగొట్టిన రాయి నూటికి 25 వంతులు ఉబ్బినచో 100 భాగములు 125 అగును; ఖాళీ 125లో 25, అనగా అయిదవవంతు. కాని 15 వంతులని ఊహించినచో నిల్వ 39 లక్షలు. 25 అన్నచో 66 లక్షలు. కావున 52 లక్షలు అను అంకెను పాఠకుడు ఒక స్థూలమైన సూచనగా గ్రహింపవలెనేగాని తూచిన తూకముగా గాదు. ఊహను ఊహయని రచయితలే చెప్పుట వారి నిజాయితీకి నిదర్శనము. ఇట్టి అంకెలను తరువాతివారు ఎత్తి వ్రాయునప్పుడు ఆ ‘ఊహించి’ అను మాట జారిపోకుండ చూచుకొనవలెను.

మూడవది వారి ముగింపు. పోతమట్టిలో నీటి ఉనికిని, కదలికను, గుణమును ముందుగా చెప్పవచ్చునని వారి అభిప్రాయము. అందుకు కావలసినవి: అడుగు బొగ్గుపొర నేల ఎత్తుపల్లములు, తవ్వకమునకు పూర్వపు కొండలోయల రూపము, తవ్విన పద్ధతి వివరములు, పైరాతి స్వభావము, గని పెరిగిన క్రమమును చూపు విమానచిత్రములు. ఈ పట్టికలో గొప్పతనమును లోపమును కూడ కలవు. గొప్పతనమేమనగా, ఇవన్నియు గనివారివద్ద ముందే ఉన్న కాగితములు. కొత్తగా పెద్ద ఖర్చు లేదు. బొగ్గుపొర క్రింద సాధారణముగా బంకమట్టి ఉండును. అది నీటిని దిగనీయదు. నీరు ఆ నేలపై వాలువెంట జారి, పల్లపు అంచున ఊటగా తేలును. కనుక ఊట *ఎక్కడ* పుట్టునో ఈ కాగితములు చక్కగా చెప్పగలవు. లోపమేమనగా, పట్టికలోని అయిదును స్థలమునకు సంబంధించినవే. కాలమునకు సంబంధించినది ఒకటియు లేదు. వర్షము లేదు, ఋతువు లేదు, వాగు ప్రవాహపు కొలత లేదు. ‘ఎక్కడ’ అను ప్రశ్నకు జవాబు దొరికినది. ‘ఎంత’, ‘ఎప్పుడు’ అనునవి మిగిలియే యున్నవి. శుద్ధి చెరువును కట్టువానికి కావలసినవి ఆ రెండే.

డార్సీ సూత్రమునకు లొంగని కొండ

భూగర్భజల గణితమంతయు 1856లో ఫ్రెంచి ఇంజనీరు హెన్రీ డార్సీ ప్రకటించిన సూత్రముపై నిలిచియున్నది. ఇసుకగుండ పోవు నీటి వేగము నీటిమట్టపు వాలునకు అనులోమముగా ఉండునని ఆయన నిరూపించెను. ఇసుకలో రేణువులన్నియు ఇంచుమించు ఒకే రీతివి, నీరు మెల్లగా సాగును. కాబట్టి సూత్రము పనిచేసినది. పోతమట్టిని లారీలనుండి వాలుమీద క్రిందికి కుమ్మరించునప్పుడు పెద్ద బండలు దొర్లి అడుగుకు చేరును. మెత్తని మట్టి పైన నిలుచును. ఇసుకరాయి పెద్ద బండలుగా విరుగును. షేలు రాయి తడికి నాని బంకగా మారును. ఈ రెంటి నడుమ గదులవంటి ఖాళీలు, వాని ప్రక్కనే నీరు కదలని బంక. ప్రక్కప్రక్కన తవ్విన రెండు బావులు నూరురెట్లు, వేయిరెట్లు తేడాగా నీటిని విడుచుట కలదు.

హాకిన్స్, ఆల్జో అనువారు 1992లో పోతమట్టిని ‘మిథ్యా కార్స్టు’ అనిరి. కార్స్టు అనగా నీరు సున్నపురాతిని కరగించి గుహలు తొలిచిన నేల. బెలుం గుహలు చూచినవారికి ఇది వేరుగ చెప్పనక్కరలేదు. పోతమట్టిలో రాయి కరగి గుహలు ఏర్పడలేదు. బండల నడుమ ఖాళీలే గుహలవలె పనిచేయును. ఈ పోలిక ఉచితమైనది. కాని పేరు పెట్టుటతో పని ముగియదు. కార్స్టు అని తెలిసిన పిదప కూడ ఇసుక సూత్రముతోనే లెక్క సాగించినచో ఆ పేరువలన ప్రయోజనమేమి?

దీని ఫలితము ఊట లెక్కలో స్పష్టపడును. వాన వెలిసిన తరువాత ఊట తగ్గుదల సమాన కాలములలో సమాన నిష్పత్తిలో ఉండునని ఫ్రెంచి గణితజ్ఞుడు మయే 1905లో చెప్పిన నియమము వాడుకలో ఉన్నది. ఇప్పుడు ఒక ఊటలో రెండు భాగములున్నవనుకొనుడు. బండల ఖాళీలనుండి వచ్చునది వానవెంటనే సెకనుకు 8 లీటర్లు; ప్రతి రెండు రోజులకు సగమగును. మెత్తని మట్టినుండి వచ్చునది 2 లీటర్లు. సగమగుటకు 60 రోజులు పట్టును. మొత్తము 10 లీటర్లు. పది రోజులకు మొదటిది పావులీటరుకు దిగును, రెండవది 1.8 దగ్గర ఉండును. పదవ రోజు తరువాత మాత్రమే కొలిచి వెనుకకు గీత గీసినవాడు, వాననాటి ఊట 2 లీటర్లకు కొంచెము మించునని చెప్పును, నిజము 10. అతడు కట్టించిన శుద్ధి చెరువు తొలి పెద్దవానకే పొర్లిపోవును. తొలి రెండు రోజులే కొలిచినవాడు, నెలలోపలనే ఊట ఎండునని చెప్పును. నిజమునకు అరువది రోజులకు కూడ లీటరు నీరు ఊరుచునే యుండును. ఇరువురి సూత్రము ఒకటే, గణితము ఇరువురిదియు సరియైనదే. కొలిచిన కాలము చాలలేదు.

అయిదేండ్ల గడువు చాలునా?

పూడ్చిన వెంటనే ఊట పుట్టదు. ముందు ఖాళీలు నిండవలెను. 40 హెక్టారుల ఉదాహరణలో 3 మీటర్ల మందము నీటితో నిండుటకు, ఖాళీ అయిదవవంతు చొప్పున, 2,40,000 ఘనపు మీటర్లు కావలెను. ఏటా చేరునది 1,20,000. నడుమ కారిపోవునది లేదన్నను రెండేండ్లు పట్టును. కొంత కారిపోవుట తప్పదు గనుక ఇంకను ఎక్కువ పట్టును. తొలి సంవత్సరములలో మట్టి గట్టిపడి ఇంకుడు తగ్గినచో గడువులో పెద్దభాగము ఎదురుచూచుటకే సరిపోవును. ఊట లేదు గనుక ప్రమాదము లేదనుట అప్పుడు తొందరపాటు. చట్టము గడువును మొక్కలు నాటిననాటినుండి లెక్కించును. నీరు తన గడువును తానే లెక్కించుకొనును. నీటిమట్టము స్థిరపడినదని బావులు చూపినపిదపనే ఊటను గూర్చిన తీర్పు చెప్పుట న్యాయము.

గోదావరి లోయకు వర్తించునా?

ఈ పద్ధతులను తెలంగాణములోని గోదావరి లోయ బొగ్గుక్షేత్రమునకు యథాతథముగా తెచ్చుట తగదు. పెన్సిల్వేనియాలోను ఇక్కడను ఏటి వర్షము ఇంచుమించు 1,000 మి.మీ. వద్దనే ఉండును. మొత్తములు సమానమైనను అక్కడ వాన ఏడాది పొడవున పంచుకొని కురియును. చెట్లు ఆకురాల్చిన చలికాలమున, వసంతారంభమున నీరు ఎక్కువగా ఇంకును. ఇక్కడ వర్షములో చాలభాగము జూను మొదలు సెప్టెంబరులోపల, పెద్ద జల్లులుగా, పచ్చదనము నిండుగా ఉన్న కాలమునందే పడును. ఏటి సగటులతో లెక్కించినచో ఈ భేదము కనబడదు. కనీసము నెలవారీగా, వీలైన రోజువారీగా లెక్కింపవలెను.

శిలలోను భేదము కలదు. గోదావరి లోయలోని బరాకర్ ఇసుకరాళ్లు నీటిని బాగుగ పోనిచ్చునవి. కనుక ప్రక్క రాతినుండి వచ్చు నీటి పాలు ఇక్కడ ఇంకను ముఖ్యము. ఇచ్చటి బొగ్గులో గంధకము తక్కువ గనుక ఆమ్లజలపు భయము అపలాచియాలో ఉన్నంత లేదు. కాని ఆ కారణమున నీటి లెక్కను విస్మరింపరాదు. గని నడచునంతకాలము నీటిని తోడివేయగా చుట్టు గ్రామముల బావులలో మట్టము దిగును. తోడుట ఆగిన పిదప అది ఎన్నేండ్లకు కోలుకొనును, మిగిలిన గోతిలో నీరు ఏ మట్టమున నిలుచును అనునవి రైతునకు నేరుగా సంబంధించిన ప్రశ్నలు.

తీర్పు

ఈ రచనలన్నింటిని కలిపి చూడగా తేలునదేమనగా, ఊట పుట్టు చోటును నమ్మికతో చెప్పవచ్చును. పరిమాణమును హద్దులతో మాత్రమే చెప్పవచ్చును. ఏ నివేదికయైనను మూడు ప్రశ్నలకు నిలువవలెను. నీరు ఏ ఏ దారుల చేరుచున్నదో చిత్రము గీచి చూపినదా? అంకె ప్రక్కన హెచ్చుతగ్గుల హద్దులు వేసినదా? వానకాలమును ఎండకాలమును కలుపుకొని కొలతలు తీసినదా? మూడింటిలో ఒకటి లోపించినను, దశాంశములెన్ని ఉన్నను, అది అంచనా అనిపించుకొనదు.

తరగతిలో దీనిని బోధించుటకు గని అవసరము లేదు. ఊరి దగ్గర ఏదేని ఊట ఉన్నచో, బకెట్టుతోను గడియారముతోను వారమున కొకమారు కొలిచి, ఆ ప్రక్కనే వాన లెక్కను వ్రాసి, ఏడాదిపాటు గీత గీయించవచ్చును. గీత రెండు వాలులుగా విరిగినచో భూమిలో రెండు దారులున్నవని విద్యార్థులే కనుగొందురు. అట్టి గీత ఒకటి స్వయముగా గీచినవాడు, ఒకే అంకె చూపి ఒప్పుకొమ్మను నివేదికను చూచినప్పుడు, మిగిలిన కొలతలు ఎక్కడని అడుగక మానడు.